ఆహారశుద్ధి: మా మనుమడు నాకు చెప్పిన పాఠం



ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయం చివర సనత్కుమారుడు నారదునికి ఆహారశుద్ధిని గురించి ఉపదేశించాడు. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమౌతుందని, అంతఃకరణం శుద్ధమైతే స్మృతి స్థిరపడుతుందని, స్మృతి స్థిరపడితే హృదయగ్రంథులన్నీ విడిపోతాయని దాని తాత్పర్యం. సంస్కృతోపాధ్యాయునిగా పనిచేసినంత కాలమూ, విరమించిన తరువాత తిరుపతిలో మా వీధి సత్సంగంలోనూ ఈ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు వ్యాఖ్యానించానో లెక్కలేదు. కానీ దాని అర్థం నాకు తెలిసింది మా మనుమని అనారోగ్యం వలన. అతని అనుమతితోనే, అతని పేరు చెప్పకుండా, ఆ వృత్తాంతాన్ని సాధకుల ముందుంచుతున్నాను. ఇందులో నా దోషమే ఎక్కువ. దానిని దాచితే ఈ వ్యాసానికి ప్రయోజనం లేదు.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా చిత్తూరులో ఉంటారు. పిల్లవాడు చదువుకోసం తిరుపతిలో మా దగ్గర పెరిగాడు. నాలుగేండ్ల క్రితం, తొమ్మిదవ తరగతిలో ఉండగా, మనిషి చిక్కిపోసాగాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచేవాడు. రాత్రి రెండు మూడుసార్లు నిద్రలేచి పెరటిలోకి పోయేవాడు. అడిగితే ఏమీ లేదనేవాడు. ఒకనాడు వాళ్ళ అవ్వ మరుగుదొడ్డిలో రక్తపు చారలు చూసి కేకపెట్టింది. అప్పటికి రెండు నెలలుగా విరేచనంలో రక్తం పడుతున్నదట. రోజుకు ఎనిమిది, పది పర్యాయాలు పోవలసి వచ్చేదట. సిగ్గుచేత ఎవరికీ చెప్పలేదు.

మొదట మూలశంక అన్నారు, తరువాత జిగట విరేచనాలన్నారు. మందులు వాడినా తగ్గలేదు. చివరకు జీర్ణకోశ నిపుణుడు కొలనోస్కోపీ చేసి, లోపలి పొర నుండి చిన్న తునక తీసి పరీక్షకు పంపి, వ్యాధి పేరు అల్సరేటివ్ కొలైటిస్ అని చెప్పాడు. ఈ పేరును వైద్యగ్రంథాలలో మొదట వాడినవాడు 1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్. శరీరాన్ని రక్షించవలసిన శక్తియే దారి తప్పి పెద్దప్రేగు లోపలి పొరపై దాడి చేస్తుంది. పుండ్లు పురీషనాళంలో మొదలై ఎడతెగకుండా పైకి వ్యాపిస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. కారణం ఇదొక్కటే అని చెప్పడానికి వీలులేదు. వంశలక్షణం, ప్రేగులలోని సూక్ష్మజీవులు, పరిసరాలు కలిసి దీనిని పుట్టిస్తాయి. మాత్రలతో సమూలంగా పోయే జబ్బు కాదు గాని, మందు మానకుండా వాడితే ఏండ్ల తరబడి శాంతించి ఉండగలదు. వైద్యుడు రోజూ వేసుకోవలసిన మెసలమిన్ మాత్రలు, కొన్ని వారాలపాటు క్రమంగా తగ్గించుకుంటూ పోవలసిన స్టెరాయిడ్ వ్రాసి ఇచ్చాడు. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపరాదని, తలనొప్పికి, ఒళ్ళునొప్పులకు దుకాణంలో దొరికే మాత్రలు తమను అడగకుండా వేయరాదని మరీ మరీ చెప్పాడు.

నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "పథ్యం ఏమిటి?" ఆయన, "అందరికీ పనికివచ్చే పట్టిక లేదండీ, మీ వానికి ఏది పడుతుందో మీరే చూసుకోవాలి" అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. శాస్త్రం చదివినవాడికి పట్టిక లేకపోవడమేమిటి? గీత సప్తదశాధ్యాయం ఉండనే ఉన్నది కదా!

ఇంటికి వచ్చి నేనే పట్టిక వ్రాశాను. ఉల్లి, వెల్లుల్లి, మిరప, నూనె వంటకాలు నిషేధం. మొలకెత్తిన పెసలు, పచ్చి కూరముక్కలు, పండ్లు, ఆకుకూరలు, పూటకొక గ్లాసు ఆవుపాలు విధి. ఏకాదశినాడు ఉపవాసం. ప్రతి పదార్థానికీ ఎదురుగా సాత్త్వికం అని వ్రాసుకున్నాను. మొదటి వారాలలో స్టెరాయిడ్ ప్రభావం వలన పిల్లవాడు తేరుకున్నాడు. నేను దానిని పట్టిక మహిమ అనుకున్నాను. సత్సంగంలో చెప్పాను కూడా. విన్నవారు నన్ను మెచ్చుకున్నారు. పిల్లవాణ్ణి పిలిచి తలమీద చేయివేసి, "మందులవల్ల కాదు నాయనా, తాత నియమం వల్ల బాగైనావు" అన్నారు. మరి కొందరు మెత్తగా, "పూర్వజన్మలో ఏదో అన్నదోషం చేసి ఉంటాడు, ఇట్లా తీరిపోతున్నది" అన్నారు. నేను ఖండించలేదు. అది కర్మసిద్ధాంతానికి అనుగుణమైన మాటే కదా అనుకొని ఊరుకున్నాను. వాడు నా పక్కనే కూర్చుని విన్నాడు.

ముక్కోటి ఏకాదశి వచ్చింది. తిరుపతి వీధులు యాత్రికులతో నిండి ఉన్నాయి. ఇంట్లో అందరమూ ఉపవాసం. సాయంకాలం దీపం పెట్టే వేళకు పిల్లవాడు పూజగది గడపమీద కూలబడిపోయాడు. ముఖంలో రక్తపు ఛాయ లేదు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయి ఉన్నది. రక్తం ఎక్కించారు, నరంద్వారా మందులిచ్చారు. నెలన్నర క్రితమే మెసలమిన్ మాత్రలు ఆపివేశాడని అప్పుడు బయటపడింది. రక్తం మళ్ళీ పడుతున్నదని తెలిసినా చెప్పలేదు.

ఆ రాత్రి మంచం పక్కన నేనొక్కడినే ఉన్నాను. వాడు కండ్లు తెరవకుండానే అన్నాడు: "తాతా, మాత్ర వేసుకుంటే నీ నియమంమీద నమ్మకం లేనట్లే గదా అనుకుంటి. అందరూ నిన్ను పొగుడుతా ఉండారు, మళ్ళీ రక్తం వస్తా ఉందని ఎట్లా చెప్పేది?" కొంచెంసేపు ఆగి, "తాతా, నేను ఏం పాపం చేసినానని స్వామి నాకు దీన్ని ఇచ్చినాడు?" అన్నాడు.

నలభై ఏండ్లు ఉపన్యసించిన నోటికి ఆనాడు సమాధానం దొరకలేదు.

తెల్లవారి, ఆసుపత్రి వరండాలో అలవాటుగా విష్ణుసహస్రనామం మొదలుపెట్టాను. మధ్యలో "భేషజం", "భిషక్" అనే నామాలు వచ్చాయి. ఔషధం భగవంతుడు, వైద్యుడూ భగవంతుడు. ప్రతి ఉదయమూ పలుకుతున్న నామాలే. మరి మా ఇంట్లో పిల్లవాడు మాత్ర మింగడాన్ని భక్తికి లోపమని ఎట్లా అనుకున్నాడు? నేను అట్లా అనలేదు. కానీ ఎవరో అన్నప్పుడు కాదని కూడా అనలేదు.

అప్పుడు ఛాందోగ్యవాక్యం మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. దానికి మన ఆచార్యులు ఇద్దరు రెండు విధాల అర్థం చెప్పారు. శంకరభగవత్పాదులు, ఇంద్రియాలద్వారా లోనికి గ్రహించబడేదంతా ఆహారమే అన్నారు. శబ్దాది విషయాల జ్ఞానం రాగద్వేషమోహాలు లేకుండా లోపలికి రావడమే ఆహారశుద్ధి అని వారి భాష్యం. రామానుజాచార్యులు, ప్రాచీన వాక్యకారుని అనుసరించి, మనం తినే అన్నాన్నే గ్రహించి, పదార్థస్వభావం వలన, ఎవరి వద్దనుండి వచ్చిందనే ఆశ్రయం వలన, అపరిశుభ్రత వంటి నిమిత్తం వలన కలిగే దోషాలు లేనిదే శుద్ధాహారమన్నారు. వివేకానందస్వామి భక్తియోగంలో ఈ రెండు వ్యాఖ్యానాలను పక్కపక్కన ఉంచి, రెండూ అవసరమే అన్నారు. ఇవన్నీ నాకు కంఠస్థం. అయినా నేను చేసిందేమిటి? పిల్లవాని కంచానికి కాపలా కాశాను, చెవిని విడిచిపెట్టాను. పెసలు మొలకలు ఎన్ని తిన్నాడో లెక్కపెట్టాను. "పాపఫలం" అనే మాట ఎన్నిసార్లు మింగాడో లెక్కపెట్టలేదు. శంకరుల అర్థంలో చూస్తే ఆ ఆరు నెలలలో వాడు తిన్న అత్యంత అశుద్ధాహారం మా సత్సంగంలోనే వడ్డించబడింది.

రామానుజుల పక్షంలోనైనా నేను సగమే పాటించాను. వారు శ్రీభాష్యంలో పేర్కొన్న సాధనసప్తకంలో మొదటిది వివేకం, అంటే ఆహారశుద్ధి. ఆరవది అనవసాదం, అంటే దైన్యానికి లోబడకుండడం. కుంగిపోయిన మనస్సుకు ఉపాసన సాధ్యం కాదని వారి అభిప్రాయం. మొదటిదానిని పట్టుకొని ఆరవదానిని చిదిమివేసినవాణ్ణి నేను.

ఇక కర్మ మాట. కర్మగతి గహనమని చెప్పినవాడు సాక్షాత్తు భగవానుడు. ఆయన గహనమన్నదానిని మనం కిరాణాకొట్టు పద్దులాగా చదివి, ఈ పిల్లవాడికి ఈ జబ్బు ఈ పాపానికి అని చెప్పడం ఎంత సాహసం! కర్మసిద్ధాంతం నా నడతను దిద్దుకోవడానికి నాకు ఇవ్వబడినది. మంచంమీద ఉన్నవాని గతాన్ని తీర్పు తీర్చడానికి కాదు. రోగి ఎదుట నిలబడినప్పుడు నా ప్రస్తుతకర్మ ఏమిటన్నదే నాకు విహితమైన ప్రశ్న. ఆ ఉదయం లోపలికి వెళ్ళి వాడితో చెప్పాను: "నాయనా, నీవు ఏ పాపమూ చేయలేదు. తప్పు నాది. స్వామి ఈ జబ్బుగా రాలేదు, ఆ మాత్రగా వచ్చినాడు." వాడు ఏమీ అనలేదు. మాత్రకోసం చేయి చాచాడు.

ఆసుపత్రినుండి వచ్చిన తరువాత నా పట్టిక చింపివేశాను. వ్యాధి ఉధృతంగా ఉన్న ప్రేగుకు మొలకలు, పచ్చి కూరలు, పీచుపదార్థాలు పుండుమీద ముల్లు వంటివని ఆహారనిపుణురాలు వివరించింది. అవి సాత్త్వికం కావని ఆమె అనలేదు. ఈ దేహానికి, ఈ కాలంలో తగవన్నది. ఇదేమీ కొత్తమాట కాదు. చరకసంహిత సూత్రస్థానంలోనే పథ్యమంటే దేహమార్గాలకు హాని చేయనిది, మనస్సుకు ప్రియమైనది అని ఉన్నది. అంతటితో ఆగక, మాత్ర, కాలం, సంస్కారం, భూమి, దేహం, దోషం మారితే పదార్థగుణమూ మారుతుందని వెంటనే చెప్పబడింది. గీతలో ధ్యానయోగి విషయమై భగవానుడు వాడిన పదమూ యుక్తాహారమే. మరీ ఎక్కువ తినేవానికి, బొత్తిగా తిననివానికి యోగం సిద్ధించదని షష్ఠాధ్యాయం. శాస్త్రవిహితం కాని ఘోరతపస్సుతో శరీరంలోని భూతాలను, అంతర్యామియైన తననూ కృశింపజేసేవారి నిశ్చయం ఆసురమని సప్తదశాధ్యాయం. నా ప్రియమైన ఆహారవిభాగానికి రెండు శ్లోకాల ముందే ఆ మాట ఉన్నది. రక్తం పోతున్న పిల్లవానిచేత ఏకాదశి చేయించిన నేను ఆ రెండు శ్లోకాలనూ దాటుకుంటూ పోయానన్నమాట.

వైద్యుడు చెప్పినట్లు ఒక నోటుపుస్తకం పెట్టాము. తేదీ, తిన్నది, ఎన్నిసార్లు పోయినది, కడుపునొప్పి, నిద్ర, బడిలో పరీక్ష ఏదైనా ఉన్నదా అనే గళ్ళు గీశాము. వ్రాసేది వాడే. నేను అడిగితేనే చూపుతాడు. మూడు నెలలలో వాని దేహం తన భాషలో మాట్లాడసాగింది. ఉధృతిలో మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, చెక్కుతీసి బాగా ఉడికించిన సొరకాయ, మగ్గిన అరటిపండు, కారం లేని చారు పడ్డాయి. పాలు పడలేదు. పలుచని మజ్జిగ పడింది. విరేచనాలు ఎక్కువైన రోజున ఉప్పు, చక్కెర కొలత తప్పని ఓ.ఆర్.ఎస్. నీరు. జబ్బు శాంతించిన తరువాత మన సీమ పంటను కూడా కొద్దికొద్దిగా తిరిగి తెచ్చుకున్నాము. మొదట రాగిజావ, తరువాత మెత్తని సంగటి, చాలాకాలం తరువాత బాగా మెత్తగా నూరిన సెనక్కాయల ఊరుబిండి వేలితో తాకినంత. ఆ రోజు వాడి ముఖం చూడవలసింది. పథ్యానికి మనస్సుకు ప్రియమనే లక్షణం ఎందుకు చేర్చారో నాకు అప్పుడు తెలిసింది. ఇది మా పిల్లవాని లెక్క మాత్రమే. మరొక పిల్లవానికి పాలు పడవచ్చు, అరటి పడకపోవచ్చు. మా పుస్తకాన్ని ఎవరూ పట్టికగా తీసుకోకూడదు. వైద్యుని సలహాతో మీ పుస్తకాన్ని మీరే వ్రాసుకోవాలి.

భోజనంకంటే కష్టమైనది బడి. ఈ వ్యాధిలో విరేచనం వచ్చే సూచన వచ్చిన తరువాత ఆపుకోగల వ్యవధి చాలా తక్కువగా ఉండవచ్చు. పాఠం మధ్యలో లేచినందుకు ఒక ఉపాధ్యాయుడు, "పాఠం చెప్పినప్పుడే నీకు వస్తుందా?" అన్నాడట, తరగతి నవ్విందట. అప్పటినుండి వాడు ఉదయం తినడం మానేశాడు. తినకపోతే పోవలసిన పని ఉండదని వాడి తర్కం. సన్నబడడానికి అదొక కారణమని మాకు తెలియలేదు.

నేను వైద్యుని లేఖ తీసుకొని ప్రధానోపాధ్యాయురాలి వద్దకు వెళ్ళాను. చెప్పడానికి మొదట నాకే నోరు రాలేదు. పతంజలి నియమాలలో మొదటిది శౌచం. సత్సంగంలో దాని బాహ్యాభ్యంతర భేదాలమీద గంటసేపు మాట్లాడగలను, ఒక బడిలో నిలబడి "మా పిల్లవానికి మరుగుదొడ్డి కావాలి" అని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. పెద్దవాడినైన నాకే ఇంత సిగ్గయితే పధ్నాలుగేండ్లవాడు రెండు నెలలు దాచడంలో ఆశ్చర్యమేమున్నది? ఆమె ఓపికగా విన్నది. తలుపు పక్కన బల్ల ఇచ్చింది. చేయి ఎత్తి అనుమతి అడగనక్కరలేకుండా వెళ్ళవచ్చునని ఉపాధ్యాయులందరికీ చెప్పింది. సిబ్బంది వాడుకునే గది తాళంచెవి ఒకటి వానికిచ్చింది. సంచిలో ఒక జత బట్టలు, నీళ్ళసీసా, కాగితం ఎప్పుడూ ఉంచుకుంటాడు. ఒక్క స్నేహితునికి మాత్రం వాడే విషయం చెప్పుకున్నాడు. బడికి రాని రోజులలో ఆ పిల్లవాడే పాఠాలు వ్రాసి తెచ్చేవాడు. ఉపాధ్యాయుడు కూడా తరువాత పిలిచి, తెలియక అన్నానన్నాడు.

పదవ తరగతి పరీక్షలు వచ్చాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 స్థితులను పేర్కొంటుంది. ఈ వ్యాధి పేరు అందులో లేదు. కాబట్టి ముందుగా చెప్పుకోవడమే ఉపాయమనుకున్నాము. వైద్యుని లేఖతో పరీక్షాకేంద్రం పెద్దలను పది రోజుల ముందే కలిశాము. మరుగుదొడ్డికి దగ్గరి గది ఇచ్చారు. గణితం పరీక్షనాడు వాడు రెండుసార్లు లేచి వెళ్ళి వచ్చాడట. "ఆ పది నిమిషాలు పోయినాయి తాతా, మిగిలిన కాలమంతా నాదే" అన్నాడు. నిష్కామకర్మకు ఇంతకంటే చక్కని వ్యాఖ్యానం నేను చెప్పలేదు.

మన జిల్లాలవారికి ఒక మాట. పిల్లల విరేచనంలో రక్తం కనిపిస్తే నెలల తరబడి నాటుమందులతో, మొక్కులతో కాలం గడపవద్దు. తిరుపతిలో 1993 నుండి శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పనిచేస్తున్నది. చిత్తూరువారికి వెల్లూరు గంట ప్రయాణం. మొక్కు ఎక్కడికీ పోదు, స్వామి కాచుకొని ఉంటాడు.

మా ఇంట్లోనూ మొక్కు ఉన్నది. పిల్లవాడు తేరుకుంటే అలిపిరినుండి నడిపిస్తానని వాళ్ళ అవ్వ మొక్కింది. పరీక్షలైన తరువాత ఆమె మోకాళ్ళూ, వాడి నీరసమూ చూసి బస్సులోనే కొండకు వెళ్ళాము. దర్శనం తరువాత తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూర్చున్నాము. ఆ తల్లి పుట్టిన తరిగొండ మన సీమలోనిదే. కొండమీద నిత్యాన్నదానం 1985లో ఆరంభమైంది. ఆకులు వేశారు. చక్కెర పొంగలి వచ్చింది. వాడు చిటికెడు పెట్టించుకొని కండ్లకద్దుకున్నాడు. అన్నం వచ్చింది, పెట్టించుకున్నాడు. సాంబారు వచ్చినప్పుడు ఆకుమీద అరచేయి అడ్డంపెట్టి, "చాలు స్వామీ, మజ్జిగ పోయండి" అన్నాడు. వడ్డించేవాడు నవ్వి ముందుకు సాగాడు. ప్రసాదాన్ని వద్దన్నానే అనే భయం వాని ముఖంలో లేదు. వేలమంది ఒకే అన్నం తింటున్న ఆ శాలలో తనకు తగినది తాను ఎరిగి, తగనిదానిని నిందించకుండా, తృప్తిగా మజ్జిగాన్నం కలుపుకున్నాడు. ప్రాణుల దేహాలలో వైశ్వానరాగ్నియై తానే అన్నాన్ని పచనం చేస్తున్నానని గీత పంచదశాధ్యాయంలో స్వామి అన్నాడు. ఆ అగ్ని నా పిల్లవానిలో కొంచెం మెల్లగా, జాగ్రత్తగా మండుతున్నది. అగ్ని మాత్రం అదే.

ఇప్పుడు వాడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. జబ్బు పోలేదు. నడుమ ఒకసారి మళ్ళీ తలయెత్తింది. ఈసారి మొదటిరోజే వచ్చి చెప్పాడు, వారంలో అదుపులోకి వచ్చింది. ప్రతి ఉదయం నేను సహస్రనామం చదువుతుండగా వాడు వంటింట్లో నీళ్ళు ముంచుకొని మాత్ర వేసుకుంటాడు. ఒక్కొక్కనాడు సరిగ్గా ఆ రెండు నామాలవద్దనే గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడుతుంది.

సత్సంగంలో ఇప్పటికీ ఆహారశుద్ధిని గురించి చెబుతాను. ఎవరైనా ఒక రోగిని చూపి పూర్వపాపమని అనబోతే మాత్రం మధ్యలోనే ఆపుతాను. పెద్దలు నొచ్చుకున్నా సరే. ఆ మూల ఏ పిల్లవాడు వింటున్నాడో మనకు తెలియదు.

శ్రీనివాసార్పణమస్తు.